వైద్యనిపుణులకు ప్రశ్నావళులు – ప్రత్యుత్తరములు రాబట్టు విధము

ప్రశ్నావళి వ్రాయుట ఒక పూట పని. దానికి సమాధానములు రాబట్టుట కొన్ని నెలల పని. అందునను సమాధానమీయవలసినవారు క్షణము తీరికలేని వైద్యనిపుణులైనపుడు ఆ పని మఱింత కఠినమగును. ప్రశ్నలు పంపువారు సాధారణముగా తాము వ్రాసిన ప్రశ్నల తీరునే చూచుకొందురు గాని, వానిని అందుకొనువారి స్థితిని ఊహింపరు. వేయిమందికి పంపగా రెండువందలమంది బదులిచ్చినచో, రెండువందలు చాలవా యని తృప్తి చెందుదురు. చాలునో చాలదో నిర్ణయించుటకు కొంత శాస్త్రజ్ఞానము కావలయును. మన విద్యార్థులలో వైద్యులు కాగోరువారును కలరు. గణాంకశాస్త్రము నభ్యసింపగోరువారును కలరు. మొదటివారు ఇట్టి ప్రశ్నలకు మున్ముందు సమాధానమీయవలసినవారు. రెండవవారు ఇట్టి ప్రశ్నల నడుగవలసినవారు. ఉభయులకును ఉపయోగపడునని యీ పాఠము వ్రాయబడినది.

1. వైద్యులనే యేల అడుగవలెను?

ఒక వ్యాధికి ఫలానా మందు నీయవలెనని గ్రంథము చెప్పును. కాని ఆ మందును నిజముగా ఎందఱు వైద్యులు ఇచ్చుచున్నారు? ఈయనివారు ఏ కారణముచేత ఈయకున్నారు? దాని వెల యధికమా? దుకాణములలో దొరకదా? రోగులు కొన్నాళ్లు వాడి మానివేయుచున్నారా? ఈ సంగతులు గ్రంథములలో నుండవు; ఆసుపత్రి రికార్డులలోను చాలవఱకు కానరావు. నిత్యము రోగులను చూచువారికే తెలియును. వారి సమాధానములను ఆధారము చేసికొని చికిత్సకు సంబంధించిన మార్గదర్శక సూత్రములను సవరింతురు. వైద్యవిద్యార్థుల పాఠ్యప్రణాళికలను దిద్దుదురు. ప్రభుత్వములు ఏ మందులను సమకూర్చవలెనో, ఏ జిల్లాలో ఏ నిపుణుల కొఱత యున్నదో నిర్ణయించును. కనుక ఆ సమాధానములు తప్పుడు చిత్రమును చూపినచో దాని ఫలితమును తుదకు అనుభవించువాడు రోగియే. ప్రశ్నావళి యనగా కాగితముల వ్యవహారము మాత్రమే యని యెవరును తలంపరాదు.

2. డాల్, హిల్ పండితుల ప్రశ్నావళి

వైద్యులను ప్రశ్నించి లోకమునకు మహోపకారము చేసిన ఉదాహరణములలో బ్రిటనునందు జరిగినది మిక్కిలి ప్రసిద్ధము. 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆసుపత్రులలోని రోగులను విచారించి, పొగత్రాగుటకును ఊపిరితిత్తుల కాన్సరుకును సంబంధము కలదని ప్రకటించిరి. అయితే వ్యాధి వచ్చిన పిమ్మట గతమును గూర్చి అడిగినచో రోగి జ్ఞాపకమును పూర్తిగా నమ్మవచ్చునా యను సందేహమునకు తావుండెను. కావున, బ్రతికి యారోగ్యముగా నున్నవారినే ముందుగా అడిగి, అటుపిమ్మట వారిలో నెవరెవరు ఏయే వ్యాధులచే మరణింతురో సంవత్సరముల తరబడి గమనించుట మేలని వారు తలంచిరి.

అందులకు వారు వైద్యులనే ఎన్నుకొనిరి. వైద్యుల పేర్లు రిజిస్టరులో నుండును; చిరునామాలు దొరకును; మరణించినవారి సంగతి తెలిసికొనుట సులభము; ప్రశ్నలోని యంతరార్థమును వైద్యుడు సరిగా గ్రహించును. 1951లో బ్రిటిషు వైద్యసంఘము వీరి పక్షమున ఆ దేశపు వైద్యుల కందఱకును ప్రశ్నావళిని పంపెను. పంపినవి ఇంచుమించు 59,600. వచ్చిన ప్రత్యుత్తరములలో ఉపయోగింపదగినవి నలువదివేలకు పైబడినవి. అనగా మూడింట రెండువంతులు. అందు పురుషవైద్యుల సంఖ్య 34,439.

ఇన్ని సమాధానములు వచ్చుటకు ముఖ్యకారణము ఆ ప్రశ్నావళి స్వరూపమే. దానిని వారు బుద్ధిపూర్వకముగా చిన్నదిగను సులభముగను రచించిరి. మీరిప్పుడు పొగత్రాగుచున్నారా, త్రాగి మానితిరా, ఎన్నడును క్రమముగా త్రాగలేదా యను మూడింటిలో నొకదానిని గుర్తించుటయు, త్రాగువారు ఎంత త్రాగుదురో తెల్పుటయు ప్రధానమైన పని. అడుగదలచిన ప్రశ్నలు వారికి నూఱుండియుండవచ్చును. కాని అడుగవలసినవి కొద్దియే యని వారు గ్రహించిరి.

1954లో ప్రథమఫలితములు వెలువడినవి. తరువాత అప్పుడప్పుడు మరల ప్రశ్నావళులు పంపగా, బ్రతికియున్నవారిలో నూటికి తొంబదిమందికి మించి బదులిచ్చుచు వచ్చిరి. ఈ పరిశోధన యేబదియేండ్లు సాగెను. 2004లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి, సిగరెట్లు మానక త్రాగినవారు ఎన్నడును త్రాగనివారికంటె సగటున పదియేండ్లు ముందుగా మరణించిరని తేలినది. అఱువదవయేట మానినవారికి మూడేండ్లు, ఏబదవయేట మానినవారికి ఆఱేండ్లు, నలువదవయేట మానినవారికి తొమ్మిదేండ్లు, ముప్పదవయేట మానినవారికి ఇంచుమించు పదియేండ్లు ఆయువు కలిసివచ్చుననియు స్థిరపడినది. ఒక చిన్న కాగితముపై వైద్యులు వ్రాసిన నాలుగు మాటలనుండి లోకమునకింత జ్ఞానము లభించెను.

3. అమెరికాలోని మఱియొక ప్రయత్నము

1982లో అమెరికాయందు వైద్యుల ఆరోగ్యపరిశోధన యను పేర ఒక బృహత్ప్రయత్నము ఆరంభమయ్యెను. ఆస్పిరిను గుండెపోటును నివారించునా యనునది అందలి ముఖ్యప్రశ్న. 40 మొదలు 84 సంవత్సరముల వయస్సుగల 2,61,248 మంది పురుషవైద్యులకు ఉత్తరములు పంపిరి. 1,12,528 మంది ప్రత్యుత్తరమిచ్చిరి. అనగా నూటికి నలువదిమూడుగురు. వారిలో 59,285 మంది పాల్గొనుటకు సమ్మతించిరి. అర్హతలను పరీక్షించి, కొన్ని వారములు మాత్రలు క్రమముగా వేసికొనగలవారిని ఏఱగా, తుదకు మిగిలినవారు 22,071 మంది. ఆస్పిరిను తీసికొన్నవారిలో తొలి గుండెపోట్లు నూటికి నలువదినాలుగువంతులు తగ్గినట్లు కనబడుటచేత 1988లో ఆ భాగమును గడువునకు ముందే నిలిపివేసిరి. ఆ వివరము నాటి పరిశోధనకు సంబంధించినది. దానిని చదివి యెవరును వైద్యుని సలహా లేక ఆస్పిరిను సేవింపరాదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. రెండున్నర లక్షలమందిలో ఇరువదిరెండువేలమందియే మిగిలినను ఈ పరిశోధనకు హాని కలుగలేదు. ఏలయన, ఆ మిగిలినవారినే చీట్లు తీసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు ఆస్పిరినును, రెండవ జట్టునకు మందులేని మాత్రను ఇచ్చి పోల్చిరి. రెండు జట్లును ఒకే తీరువి గనుక పోలిక న్యాయమైనది. కాని, అమెరికా వైద్యులలో నూటికెందఱు వ్యాయామము చేయుదురని అడిగి, ఈ ఇరువదిరెండువేలమంది మాటనే అందఱికిని అన్వయించినచో పొరపాటగును. ప్రత్యుత్తరముల కొఱత ఎంత హాని చేయునో ప్రశ్నయొక్క స్వభావమునుబట్టి యుండును.

4. మౌనము వలన కలుగు చిక్కు

ఒక లెక్కను చూతము. నూఱుగురు హృద్రోగనిపుణులకు, మీరు ఫలానా క్రొత్త పరీక్షను చేయించుచున్నారా యను ప్రశ్నను పంపితిమనుకొనుడు. ముప్పదియైదుగురు బదులిచ్చిరి. వారిలో ఇరువదియెనిమిదిమంది చేయించుచున్నామనిరి. ఇరువదియెనిమిదిని ముప్పదియైదుచే భాగించి, నూటికి ఎనుబదిమంది యా పరీక్షను చేయించుచున్నారని వ్రాయుట పరిపాటి. కాని మౌనము వహించిన అఱువదియైదుగురి సంగతి యేమి? వారిలో నొక్కరును చేయించనిచో నిజమైన సంఖ్య నూటికి ఇరువదియెనిమిది. అందఱును చేయించుచున్నచో తొంబదిమూడు. సత్యము ఇరువదియెనిమిదికిని తొంబదిమూడునకును నడుమ నెక్కడనైన నుండవచ్చును. ఎనుబది యను సంఖ్య, మౌనముగా నున్నవారును బదులిచ్చినవారివంటివారే యను నమ్మకముపై నిలిచియున్నది. క్రొత్త పరీక్షయందు ఆసక్తి కలవారే దానిని గూర్చిన ప్రశ్నకు ముందుగా బదులిత్తురుగదా! అట్టియెడ ఆ నమ్మకము నిలువదు.

డాల్, హిల్ పండితుల పరిశోధనయందును ఇట్టిది కనబడినది. ప్రత్యుత్తరమిచ్చిన వైద్యులలో మొదటి సంవత్సరముల మరణసంఖ్య, మొత్తము వైద్యులలోని మరణసంఖ్యకంటె తక్కువగా నుండెను. అప్పటికే తీవ్రవ్యాధిగ్రస్తులై మంచము పట్టినవారు ప్రశ్నావళిని పూరింపకపోవుటయే దీనికి కారణము. ఆ శాస్త్రజ్ఞులు దానిని దాచక లెక్కించి చూపిరి. కాలము గడచినకొలది ఆ భేదము సన్నగిల్లెను.

సంఖ్య పెద్దదైనంతమాత్రమున దోషము పోదు. 1936లో అమెరికా యధ్యక్షుని ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అను పత్రిక కోటిమందికి కార్డులు పంపెను. ఇంచుమించు ఇరువదిమూడు లక్షలు తిరిగివచ్చినవి. లాండన్ గెలుచునని ఆ పత్రిక ప్రకటించెను. ఎన్నికలో రూజ్‌వెల్ట్ నలువదియెనిమిది రాష్ట్రములలో నలువదియాఱింటిని గెలిచెను. పంపిన జాబితాలో టెలిఫోనులు, మోటారుకార్లు కల సంపన్నులు ఎక్కువగా నుండుట ఒక దోషము; బదులీయనివారిని విస్మరించుట రెండవ దోషము.

5. వైద్యులు ఎందఱు బదులిత్తురు?

వైద్యపత్రికలలో ప్రకటింపబడిన తపాలా సర్వేలను పరిశీలించి 1997లో వెలువడిన ఒక వ్యాసము, వైద్యుల సర్వేలలో సగటున నూటికి 54 మంది, వైద్యులు కానివారి సర్వేలలో 68 మంది బదులిచ్చిరని తెలిపెను. 1996 మొదలు 2005 వఱకు వైద్యవృత్తులలోని వారిపై జరిగిన 350 తపాలా సర్వేలను గూర్చి 2009లో వచ్చిన మఱియొక వ్యాసము సగటును 57.5గా లెక్కించెను. అంతర్జాలము ద్వారా పంపు ప్రశ్నావళులకు వచ్చు సమాధానములు సాధారణముగా తపాలావానికంటెను తక్కువ. వెల లేకుండ ఒక్క క్షణములో వేయిమందికి పంపగలుగుట దాని గుణము. పంపుట తేలికయైనదే ఆదరమును తగ్గించుట దాని దోషము. ఉత్తరము బల్లమీద నుండి కనబడుచుండును; ఈ-మెయిలు దిగువకు జాఱిపోయి మఱపున పడును.

6. ఏల బదులీయరు?

ఒక జిల్లా కేంద్రమునందలి శస్త్రచికిత్సానిపుణుని దినచర్యను ఊహింపుడు. ఉదయమున వార్డులలోని రోగులను చూడవలెను. పిమ్మట ఆపరేషనులు. మధ్యాహ్నము దాటిన తరువాత భోజనము. సాయంకాలము బయటిరోగులు. రాత్రి అత్యవసరమని పిలుపు. ఈ నడుమ సెల్‌ఫోనులో నూఱు సందేశములు. వానిలో మన ప్రశ్నావళి యొకటి. అది పరిశోధనయో, మందుల కంపెనీ ప్రచారమో ఆయనకు తెలియదు. అపరిచితులు పంపిన లంకెను నొక్కవలదని ఆసుపత్రివారే హెచ్చరించియుందురు. కొన్ని ఆసుపత్రులలోని కంప్యూటర్లు అట్టి ఈ-మెయిళ్లను ఆయన కంటబడకుండగనే త్రోసివేయును. కొందఱి ఉత్తరములను కార్యదర్శులు చదివి ఏఱివేయుదురు.

ఇంతటి యడ్డంకులను దాటి తెఱచి చూచినను, మొదటి పుటలోనే పుట్టినతేదీ, చదివిన కళాశాల, ఉద్యోగవివరములు అడిగినచో విసుగు పుట్టును. పిల్లల వైద్యునికి పెద్దల మందుమోతాదులను గూర్చిన ప్రశ్న వచ్చినచో, ఇది నాకు గాదని మూసివేయును. సెల్‌ఫోను తెరపై ఇమడని పెద్ద పట్టికను పూరింపుమనుట మఱియొక తప్పు. తన చికిత్సలోని లోపములు ఎవరికైన తెలియునేమో యను భయమును సహజమే. అన్నిటికంటె పెద్ద కారణములు రెండు: తీరిక లేకపోవుట, ఇట్టి ప్రశ్నావళులు లెక్కకు మించి వచ్చుట.

7. ఉపాయములు

మొదటిది, క్లుప్తత. ప్రతి ప్రశ్నను ముందుంచుకొని, దీని సమాధానమును ఏ పట్టికలో వాడుదును అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. జవాబు తోచనిచో ఆ ప్రశ్నను కొట్టివేయవలెను. రిజిస్టరులో దొరకు వివరములను వైద్యుని అడుగరాదు.

రెండవది, పరిచయము. ఎవరో పంపిన ప్రశ్నావళికంటె, తన విభాగపు వైద్యసంఘము పంపినదానిని, లేక ఆ సంఘాధ్యక్షుని సంతకముతో వచ్చినదానిని వైద్యుడు ఎక్కువగా ఆదరించును. బ్రిటిషు వైద్యసంఘము చేసిన సాయమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వైద్యుని పేరుపెట్టి సంబోధించుటయు, ప్రశ్నావళికి కొన్నిదినములు ముందుగా ఒక చిన్న జాబు వ్రాయుటయు మేలు.

మూడవది, జ్ఞాపకము చేయుట. మొదటిసారి బదులీయనివారందఱును నిరాకరించినట్లు కాదు, పెక్కుమంది మఱచినవారే. వారమునకొకటి చొప్పున రెండు మూడు వినయపూర్వకములైన సందేశములు పంపవచ్చును. అప్పటికిని రానిచో మార్గమును మార్పవలెను: కాగితముపై అచ్చువేసిన ప్రశ్నావళిని, తిరుగుతపాలాకు బిళ్లలంటించిన కవరుతో సహా పంపుట, లేదా టెలిఫోను చేయుట. అంతర్జాలము, తపాలా రెండును కలిపి వాడినచో ఒకదానికి లొంగనివారు రెండవదానికి లొంగుదురు.

నాలుగవది, బహుమానము. వైద్యుల సర్వేలను గూర్చి 2007లో వెలువడిన ఒక సమీక్షయందు, ఒక్క డాలరు వంటి స్వల్పధనము సైతము ప్రత్యుత్తరములను పెంచుననియు, కలములు మొదలగు వస్తువులు అంతగా పనిచేయవనియు తెలుపబడినది. సమాధానము వచ్చిన పిమ్మట ఇత్తుమనుటకంటె ముందుగానే జతపరచుట మేలు. ఒక్క డాలరు వైద్యునికి లెక్కలోనిది కాదు. పంపినవారు తన కాలమునకు విలువ కట్టిరను భావమే ఆయనను కదలించునని తలంపవచ్చును.

ప్రశ్నావళులను గూర్చిన పరీక్షలనేకములను సమీకరించిన కాక్రేన్ సమీక్ష, తపాలా ప్రశ్నావళికి ధనము జతపరచినచో ప్రత్యుత్తరపు నిష్పత్తి దాదాపు రెట్టింపగునని తెలిపినది. ఇచ్చట నిష్పత్తి యనగా బదులిచ్చినవారికిని ఈయనివారికిని గల నిష్పత్తి. నూటికి ఏబదిమంది బదులిచ్చుచున్నచోట నిష్పత్తి ఒకటికి ఒకటి. అది రెట్టింపైనచో రెండునకు ఒకటి. అనగా నూటికి అఱువదియేడుగురు. ఏబది నూఱగునని భ్రమపడరాదు. ఆ సమీక్షయే మఱియొక చిత్రమును చెప్పినది: ఈ-మెయిలు శీర్షికలో సర్వే యను మాట కనబడినచో సమాధానములు తగ్గును! విషయమునే శీర్షికగా పెట్టుట మంచిది.

అయిదవది, ముందు పరీక్ష. వేలమందికి పంపుటకు పూర్వము అయిదాఱుగురు వైద్యులచేత తమ యెదుట పూరింపజేసి, ఎచ్చట ఆగుచున్నారో, ఏ మాటను రెండు విధములుగా గ్రహించుచున్నారో చూడవలెను. సెల్‌ఫోనులోను తెఱచి చూడవలెను.

8. పాటింపవలసిన ధర్మము

ప్రత్యుత్తరముల సంఖ్యను పెంచవలెనను ఆతురతలో అధర్మమునకు దిగరాదు. ఇరువదినిమిషములు పట్టు ప్రశ్నావళిని అయిదునిమిషములదని చెప్పుట మోసము. ఒకసారి మోసపోయిన వైద్యుడు తరువాత వచ్చు పదిమంది నిజాయతీపరులకును బదులీయడు. పేరు తెలియనీయమని వాగ్దానము చేసి, ఎవరు బదులిచ్చిరో తెలుపు గుర్తును లంకెలో దాచుట మఱింత తప్పు. జ్ఞాపకము చేయుటకై అట్టి గుర్తు అవసరమైనచో ఆ మాటను స్పష్టముగా చెప్పి, పేర్లను సమాధానములనుండి వేరుచేసి భద్రపఱతుమని తెలుపవలెను. ఎవరి ధనముతో ఈ విచారణ జరుగుచున్నదో చెప్పవలెను. పనియైన పిమ్మట ఫలితములను బదులిచ్చినవారికి పంపవలెను. ఎంతమందికి పంపితిమి, ఎందఱు బదులిచ్చిరి, బదులీయనివారు వయస్సులోను, ప్రాంతములోను, విభాగములోను ఎట్లు భిన్నులు అను సంగతులను నివేదికలో దాచక వ్రాయవలెను. తక్కువ ప్రత్యుత్తరములు వచ్చుట సిగ్గుచేటు కాదు. వానిని దాచుట సిగ్గుచేటు.

9. మనకు దీనితో నేమి పని?

భాషాల్పసంఖ్యాకులమైన మనకు ప్రశ్నావళులతో సంబంధము లేదని యనుకొనరాదు. 1956లో రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణముచేత 350-బి యధికరణము చేరినది. దాని ననుసరించి భాషాల్పసంఖ్యాకుల రక్షణలను విచారించుటకు ఒక ప్రత్యేకాధికారి 1957లో నియమింపబడెను. ఆ కార్యాలయము మాతృభాషలో బోధన, ఉపాధ్యాయులు, పాఠ్యపుస్తకములు మున్నగు విషయములను గూర్చి రాష్ట్రములకు ప్రశ్నావళులు పంపి, వచ్చిన సమాధానములతో నివేదికలు కూర్చుచు వచ్చినది. సమాధానములు సకాలమున అందలేదను మాట ఆ నివేదికలలో పలుమాఱు కనబడును. సమాధానము రానిచోట మన బడులు, మన పిల్లలు ఆ పుటలలో లేనివారే యగుదురు. హృద్రోగనిపుణుల లెక్కలో మౌనము వహించిన అఱువదియైదుగురి గతియే అక్కడ మనకును పట్టును.

కావున విద్యార్థులారా, మీరు ప్రశ్నించువారైనపుడు ఎదుటివారి కాలమును గౌరవింపుడు, ప్రశ్నలను తగ్గింపుడు, ఆడిన మాట తప్పకుడు. మీరే వైద్యులై, రోగుల నడుమ కూర్చుండినపుడు ఒక చిన్న ప్రశ్నావళి వచ్చినచో, అది న్యాయమైనదని విచారించి తెలిసికొని, అయిదునిమిషములు దానికి కేటాయింపుడు. మన పాఠశాలకు గాని, మన సంఘమునకు గాని ప్రభుత్వమునుండి ప్రశ్నలు వచ్చినపుడు, విద్యార్థుల సంఖ్యను, ఉపాధ్యాయుల ఖాళీలను, అందని పుస్తకముల పేర్లను ఉన్నదున్నట్లు వ్రాసి గడువులోపల పంపుటకు పెద్దలకు తోడ్పడుడు.